పిడి విప్పకు

"అది నా చేతి పనే. నిన్న పోలీసులకి చెప్పాను, ఇవాళ నీకు చెప్తున్నాను. ఇంకేం కావాలి నీకు?"

ఎవాల్ట్ మెల్షర్ నా మొహం చూడకుండానే అన్నాడు. సానచక్రం ముందు పీట మీద కూర్చున్నాడు గానీ చక్రం తిరగడం లేదు. మనిషికి డెబ్భై నాలుగేళ్లు. నాలుగు మాటలకొకసారి దగ్గు. యాభై ఏళ్లు రాతిపొడి పీల్చిన ఆ ఊపిరితిత్తులకి జైలు గోడల చెమ్మ తగిలితే క్రిస్మస్ దాకా కూడా నిలబడవు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. తలుపు పక్కన చిన్న తోలు సంచి అప్పటికే సర్ది పెట్టి ఉంది.

"నాలుగింటికి పోలీసులు వస్తారట బాబాయ్," అన్నాను.

"రానీ. కాఫీ తాగే టైమే. వాళ్లక్కూడా పోస్తా."

గోడ గడియారం పన్నెండూ పది చూపిస్తోంది.

జరిగింది ఇదీ. నిన్న, మంగళవారం మధ్యాహ్నం, కీర్డోర్ఫ్ వేలంశాల వెనక మెట్ల కింద బ్రూనో హాల్బాక్ మెడ విరిగి పడి ఉన్నాడు. పాత కత్తులూ బాకులూ చూసి అసలువో నకిలీవో తేల్చడం ఆయన వృత్తి. ఆయన అవునంటే దేశమంతా అవునంటుంది. చచ్చిపోయేనాటికి ఆయన బల్ల మీదున్నది ఒక దర్జా బాకు. హిట్లర్ కాలంలో పెద్ద అధికారులు యూనిఫాం మీద నడుముకి వేలాడదీసుకున్న రకం. దానికి మొన తప్ప పదునుండదు, వంకాయ కూడా తెగదు, అంతా ఠీవికే. ఈ నమూనావి ముప్పై ఆరులో మొత్తం పన్నెండే తయారయ్యాయని వేలంశాల యజమాని డెట్లెఫ్ కీర్డోర్ఫ్ తన కేటలాగులో అచ్చు వేయించాడు. దాన్ని బీమా చేసిన కంపెనీ నన్ను పంపింది. నా పేరు రోస్విత టెషె. ఎవాల్ట్ బాబాయ్ మా నాన్నకి ప్రాణస్నేహితుడు. ఇద్దరూ ఈ కొట్టెన్‌లోనే పని చేశారు. సానపట్టే పాకని, కత్తులకి పేరుపడ్డ మా జోలింగెన్‌లో కొట్టెన్ అంటాం.

పోలీసుల దగ్గరున్న సాక్షి ఒకడే, వేలంశాల కింద అంతస్తులో దర్జీ. పన్నెండూ ముప్పావు దాటి ఒంటిగంట కావస్తుండగా ఎవాల్ట్ బాబాయ్ పైన గొంతు చించుకుని "పిడి విప్పకు! విప్పావంటే ఊరుకోను!" అని అరిచాడట. ఒకటిన్నర రేడియో వార్తలు అయిపోగానే, అంటే ఒకటీ ముప్పై అయిదుకి, మెట్ల వైపు దబ్బుమని చప్పుడైందట. డాక్టరు కూడా ఒంటిగంటకీ రెండింటికీ మధ్యే ప్రాణం పోయిందన్నాడు. ఇన్‌స్పెక్టర్ రుట్‌గర్స్ లెక్క సులువు: ముసలోడు ఇక్కడ నకిలీలు తయారు చేసి కీర్డోర్ఫ్‌ని మోసం చేస్తున్నాడు, హాల్బాక్ కనిపెట్టాడు, ముసలోడు తోసేశాడు.

"అక్కడికి ఎందుకెళ్లావ్ బాబాయ్?"

"కేటలాగులో ఫొటో చూశా. బ్లేడుని నా మోచేయంత చేసి అచ్చేశాడు వెధవ. గీతలు చూడగానే తెలిసిపోయింది."

"ఏం తెలిసింది?"

"నా గీతలని."

ఈ బాకులకి ఆఖరి మెరుగు అడ్డంగా పెడతారు. తోలు చుట్టిన చక్రానికి బ్లేడుని అడ్డంగా ఆనిస్తే వెంట్రుక కంటే సన్నటి గీతలు పడతాయి. పైవాళ్లకి అవన్నీ ఒక్కటే. మా ఊరివాళ్లకి చేతిరాత చూసినట్టే.

"ఎప్పుడు చేశావ్?"

"నలభై ఆరు చలికాలం. యుద్ధం అయిపోయాక ఫ్యాక్టరీల్లో మిగిలిపోయిన బ్లేడులు, పిడులు, అడ్డపట్టీలు మూటలకొద్దీ ఉండేవి. ఇంగ్లీషు సిపాయిలు ఇంటికి గుర్తుగా పట్టుకుపోవడానికి ఎగబడ్డారు. మెరుగుపెట్టి, బిగించి ఇచ్చాం. బాకుకి రెండు మాంసం డబ్బాలు."

"ఇచ్చాం అన్నావు. ఎవరెవరు?"

దగ్గు వచ్చింది. రావాల్సిన దానికన్నా ఎక్కువసేపు వచ్చింది. కుడిచేత్తో మూతి తుడుచుకుని, "ఇచ్చాను. నేనే. మాట జారితే పట్టుకోవడానికి నీకు జీతమిస్తారా?" అన్నాడు.

"ఇస్తారు. పిడి విప్పొద్దని ఎందుకు అరిచావ్?"

"చేసినవాణ్ణి ఎదురుగా నిలబడి నకిలీరా బాబూ అంటుంటే ఇంక విప్పేదేముంది? పారేయమన్నా. వినలేదు. నువ్వు కూడా విప్పకు రోస్విత. మీ నాన్న మీద ఒట్టు."

"మా నాన్నని ఇందులోకి లాగకు."

ఆ మాట కటువుగానే వచ్చింది. మా నాన్న విల్హెల్మ్ టెషె పేరు ఈ ఊళ్లో ఊరికే తీయరు. ముప్పై ఆరులో యజమాని ఇలాంటి బాకుల మూట తెచ్చి ముందు పడేస్తే, "ఈ చెత్త నేను ముట్టను" అన్నాడాయన. ఆ ఒక్క మాటకి పద్నాలుగు నెలలు జైల్లో ఉన్నాడు. పోయాక కార్మిక సంఘంవాళ్లు సమాధి రాయి మీద చెక్కించారు: ముట్టనన్నాడు, ముట్టలేదు. ఆ రాయి చూసుకునే నేను ఈ ఊళ్లో తలెత్తుకు తిరుగుతాను. ఎవాల్ట్ బాబాయ్ మాత్రం వేలకొద్దీ మెరుగు పెట్టాడు. "నేను ముట్టాను, తిన్నాను, నాకేం రాయి అక్కర్లేదు" అంటాడు ఎవరడిగినా.

"ఎన్నింటికి బయల్దేరావ్ అక్కణ్ణించి?"

"పన్నెండూ యాభై. ట్రాలీబస్సెక్కా. ఒంటిగంటా పదికి ఇక్కడ చక్రం ముందున్నా."

"ఎవరు చూశారు?"

"ఎవరు చూస్తారు? పో ఇంక. నాకు తలనొప్పిగా ఉంది."

తలుపు దాటుతుంటే వెనకనుంచి మళ్లీ అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి. "పిడి విప్పకమ్మాయ్."

పక్కింట్లో ఉండేది నిప్పెసమ్మ. పేరులోనే కాదు, నోట్లోనూ నిప్పే. ఎవాల్ట్ బాబాయ్‌తో ఆవిడకి పంతొమ్మిదేళ్ల పగ. గంట కొట్టగానే తలుపు తీసింది, గొలుసు తీయలేదు.

"ఆ ముసలోడి తరఫున వచ్చావా, పోలీసుల తరఫునా?"

"బీమా తరఫున."

"అయితే రా. వాడి చక్రం అదురుకి నా అటక మీద పింగాణీ పగిలింది, అది కూడా రాసుకో."

"నిన్న ఇన్‌స్పెక్టర్ వచ్చారు కదా మీ దగ్గరికి. ఏం అడిగారు?"

"మెల్షర్ మంచివాడా అనడిగాడు. కాదన్నాను. థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు."

"అంతేనా?"

"అంతే. కాఫీ తాగుతారా అన్నా వినలేదు."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "నిన్న మధ్యాహ్నం ఆయన చక్రం తిప్పాడా?"

ఆవిడ మొహం వెలిగిపోయింది. పంతొమ్మిదేళ్లలో ఆ ప్రశ్న ఆవిణ్ణి ఎవరూ ఇంత శ్రద్ధగా అడిగి ఉండరు. మా దేశంలో మధ్యాహ్నం ఒంటిగంటనుంచి మూడింటిదాకా విశ్రాంతి వేళ. గోడకి మేకు కొట్టినా మర్యాదస్తులు సహించరు. నిప్పెసమ్మ సొరుగు లాగి గళ్ల నోటుపుస్తకం తీసింది. ప్రతి పేజీలో తేదీ, టైము, చప్పుడు రకం. మునిసిపాలిటీకి ఫిర్యాదు పెట్టడానికి పోగేస్తోంది.

"ఇదుగో. మంగళవారం. ఒంటిగంటా పన్నెండు నుంచి రెండూ నలభై దాకా. ఒకటే గీపెట్టడం."

"చక్రం వదిలేసి ఎటైనా వెళ్లాడేమో. దానంతట అది తిరుగుతుంది కదా."

"నన్నేమనుకున్నావ్? ఉత్త చక్రం గుర్రుమంటుంది. బ్లేడు ఆనిస్తే గీమంటుంది. నేను ఈ ఊరిదాన్నే. పైగా ఒకటిన్నరకి కిటికీ తీసి తిట్టాను. వాడు చక్రం ఆపకుండానే తల తిప్పి నాలుక బయటపెట్టాడు. డెబ్భై నాలుగేళ్ల మనిషి. అది కూడా రాశాను, చూడు."

నిజంగానే రాసి ఉంది. 'ఒకటీ ముప్పై: నాలుక.'

"ఈ పుస్తకం కోర్టులో చూపిస్తారా?"

"ఎప్పుడు చూపించమంటారా అనే కాచుక్కూర్చున్నా. వాడికి ఎన్నేళ్లు పడుతుంది?"

ఆ పుస్తకం ఆయన్ని విడిపిస్తుందని ఆవిడకి నేను చెప్పలేదు. పుస్తకం చేతికొచ్చాక చెప్పొచ్చులే అనుకున్నాను.

వేలంశాల చేరేసరికి రెండైంది. పరిశీలన గది తలుపు దగ్గర రుట్‌గర్స్ అడ్డంగా నిలబడి ఉన్నాడు. మనిషి ఆరడుగులు. దగ్గర చూపు ఆనదు, కళ్లద్దాలు పెట్టుకోవడం నామోషీ. పోయినేడాది ఒక గిడ్డంగి తగలబడిన కేసులో ఆయన పట్టుకున్నవాణ్ణి నేను విడిపించాను. అప్పట్నుంచీ నన్ను చూస్తే ఆయనకి కడుపులో మంట.

"టెషె గారూ. బీమావాళ్లకి శవాలతో పనేంటి?"

"శవంతో మీకు పని. బాకుతో నాకు పని. జరగండి."

"ముసలాయన మీ బంధువట కదా. కేసునుంచి తప్పుకోవడం మర్యాద."

"బంధువు కాదు. మర్యాద గురించి తర్వాత మాట్లాడదాం. నిప్పెసమ్మని ఏమడిగారు మీరు?"

"ఎవరు?"

నోటుపుస్తకం తెరిచి, మంగళవారం పేజీ ఆయన ముక్కు కింద పెట్టాను. చెయ్యి చాపి దూరంగా పట్టుకున్నాడు, ఇంకా దూరంగా పట్టుకున్నాడు, చివరికి నాకే ఇచ్చాడు. చదివి వినిపించాను. 'నాలుక' దగ్గరికి వచ్చేసరికి ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"చప్పుడు ఒకటీ ముప్పై అయిదుకి. అయిదు నిమిషాల ముందు మెల్షర్ ఇరవై నిమిషాల బస్సు దూరంలో ఉన్నాడు," అన్నాను. "తోసింది ఆయన కాదు."

రుట్‌గర్స్ పళ్లు కొరుకుతూ అన్నాడు. "తోసింది ఆయన కాకపోవచ్చు. నకిలీ చేసింది ఆయనే. తానే ఒప్పుకున్నాడు. హత్య కాకపోతే మోసం. నాలుగింటికి మాత్రం వస్తాడు. జైలు గది ఏ కేసుదైనా చెమ్మ ఒకటే."

ఆ చివరి మాట కావాలనే అన్నాడు. నేను ఆయన పక్కనుంచి దూరి లోపలికి వెళ్లాను.

గదిలో ఒక బల్ల, ఒక దీపం, ఒక భూతద్దం. బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ, దాని మీద ఒర తీసేసిన బాకు. వెనక తలుపు తీస్తే తొమ్మిది ఇనుపమెట్లు, మలుపు, కింద మరో పదకొండు. కీర్డోర్ఫ్ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. సూటు మడత నలగలేదు.

"జాగ్రత్తగా ముట్టండి," అన్నాడు. "అది మీ జీతానికి అందే వస్తువు కాదు."

చేతిగుడ్డతో బ్లేడు ఎత్తి దీపం కింద పెట్టాను. గీతలు చూడ్డానికి భూతద్దం అక్కర్లేదు, ఎటు వాల్చాలో తెలిస్తే చాలు. కుడిచేతివాళ్లు మెరుగుపెడితే గీతలు వెంట్రుకవాసి మొన వైపు వాలతాయి. ఎవాల్ట్ బాబాయ్‌ది కుడిచెయ్యి. ఆయన చేసిన కూరకత్తులు మా ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి.

ఈ గీతలు పిడి వైపు వాలి ఉన్నాయి.

మళ్లీ చూశాను. బ్లేడు తిప్పి రెండోవైపు చూశాను. సందేహం లేదు. ఎడమచేతి పని. మా ఊళ్లో పిల్లలు ఎడమచేత్తో చెంచా పట్టుకుంటే చెయ్యి మీద కొట్టి మాన్పించేవారు, చక్రాలన్నీ కుడిచేతివాళ్లకే కట్టారు గనక. మాన్పించినా మానని మొండివాడు ఆ రోజుల్లో ఊరంతటికీ ఒక్కడే ఉండేవాడు. ఆయన ఎడమచేత్తోనే సూప్ తాగేవాడు. ఎడమచేత్తోనే నా జడ వేసేవాడు.

బ్లేడు గుడ్డ మీద పెట్టేశాను. సిగ్గేసింది, కోపం వచ్చింది. మొదట వచ్చింది మాత్రం కోపమే. అది ఎవరి మీదో నాకే తెలియలేదు.

"ఏమైంది? కళ్లు తిరిగాయా?" అన్నాడు రుట్‌గర్స్.

"మీ కళ్లకంటే బాగానే ఉన్నాయి." కీర్డోర్ఫ్ వైపు తిరిగాను. "మంగళవారం సంగతి చెప్పండి."

"ఎన్నిసార్లు? పన్నెండుంబావుకి హాల్బాక్ నా ఎదురుగా పిడి విప్పాడు. చూశాడు. బిగించాడు. అసలుదన్నాడు. పత్రం టైపు చేసి ముద్ర కొట్టాడు. పన్నెండున్నరకి నేను మా అమ్మ దగ్గరికి భోజనానికి వెళ్లాను. రెండుంబావుకి వచ్చేసరికి పాపం అలా ఉన్నాడు."

పత్రం బల్ల మీదే ఉంది. 'పిడి విప్పి లోపల పరిశీలించాను. భాగాలన్నీ, బిగింపూ ఆ కాలానివే.' కింద హాల్బాక్ రబ్బరు ముద్ర. సంతకం లేదు. ముద్ర ఉండే పెట్టె సొరుగులో తాళం లేకుండా పడి ఉంది. ముద్ర కొట్టడం ఎవరికైనా చేతనవుతుంది.

ఇంకో సంగతి నన్ను ఇందాకట్నుంచీ లాగుతోంది. పిడికీ బ్లేడుకీ మధ్యనుండే అడ్డపట్టీ మీద గద్ద, దాని గోళ్లలో హిట్లర్ పార్టీ వంకర గుర్తు ఉండాలి. అది కనపడ్డం లేదు. తెల్లటి జిగురు కాగితం చుట్టి ఉంది.

"ఈ కాగితం మీరే అంటించారా?" అడిగాను, ఏమీ ఎరగనట్టు.

"మరెవరు? ఆ గుర్తు బయటికి కనపడితే చట్టప్రకారం నేరం. మిగతా వేలంశాలలవాళ్లు చిన్న ముక్క అంటించి చేతులు దులుపుకుంటారు. నేను అలా కాదు."

"ఎప్పుడు అంటించారు?"

"ఫొటో తీసిన రోజే. అడ్డపట్టీ మీంచి పిడి మీదిదాకా మూడు చుట్లు చుట్టి, అంచు మీద మా వేలంశాల ముద్ర, తేదీ కొడతాను. తర్వాత ఎవరూ ముట్టరు. ఊడదీస్తే చిరిగేదే గానీ మళ్లీ అంటుకోదు. ఇన్‌స్పెక్టర్ గారూ, మీ శాఖవాళ్లే నన్ను మెచ్చుకున్నారు దీనికి."

"మెచ్చుకోవలసిందే. తేదీ ఎంత ఇన్‌స్పెక్టర్ గారూ?"

రుట్‌గర్స్ వంగాడు. కళ్లు చికిలించాడు. "మీరే చదవండి."

"అక్టోబరు ఇరవై రెండు. అయిదు వారాలైంది. ముద్ర రెండు చుట్ల మీదా పడింది, గీత చెదరలేదు. వేలితో తడిమి చూడండి. పిడి బయటికి రావాలంటే ఈ కాగితం చిరగాలి. మరి మంగళవారం పన్నెండుంబావుకి హాల్బాక్ దేన్ని విప్పాడు?"

రుట్‌గర్స్ బొటనవేలితో కాగితం అంచు మెల్లగా తడిమాడు. మనిషి మొండివాడే గానీ తెలివితక్కువవాడు కాదు.

"కీర్డోర్ఫ్ గారూ," అన్నాడు.

"ఆయన... అంటే... నేను సరిగ్గా చూడలేదు. విప్పాననే అన్నాడు."

"మీ ఎదురుగా విప్పాడన్నారు ఇప్పుడే," అన్నాను. "హాల్బాక్ పద్ధతి ఊరందరికీ తెలుసు. యజమాని పక్కన నిలబడకుండా ఒక్క మర కూడా తిప్పడు. మెల్షర్ వచ్చి నకిలీ అని చెప్పాక ఆయన చేయగలిగింది ఒకటే. మీకు ఫోన్ చేసి రమ్మనడం. మీ అమ్మగారిని అడుగుదామా?"

"మా అమ్మని ఇందులోకి లాగకండి."

ఆ మాట విని నాకు నవ్వు రాలేదు. పొద్దున నేనూ అదే మాట అన్నాను.

రుట్‌గర్స్ అప్పటికే ఫోన్ తిప్పుతున్నాడు. అవతల ముసలావిడకి చెముడు కాబోలు, ఆవిడ అరుపు మా అందరికీ వినపడింది. "హాల్బాక్ గారా? చేశాడు కదా, ఒంటిగంటకి. డెట్లెఫ్ దుంపల ముద్ద సగం కంచంలో వదిలేసి పరిగెత్తాడు. చల్లారిపోయింది. మీరైనా చెప్పండి వాడికి, వేళకి తినమని."

రుట్‌గర్స్ చెప్తానన్నాడు. ఫోన్ పెట్టేసి కీర్డోర్ఫ్‌కీ తలుపుకీ మధ్య నిలబడ్డాడు.

కీర్డోర్ఫ్ తేరుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. "సరే, వచ్చాను. మాట్లాడాను. వెళ్లాను. ఆయన కాలు జారితే నాదా తప్పు? నాకేం అవసరం? బాకు అసలుదే. నకిలీ అన్నది దగ్గుతో చావబోతున్న ముసలోడు ఒక్కడే. రుజువేది?"

"పిడిలో ఉంటుంది," అన్నాడు రుట్‌గర్స్.

"విప్పితే దాని విలువ పోతుంది. నష్టం మీ శాఖ కట్టిస్తుందా? రాతపూర్వకంగా ఇవ్వండి ముందు."

రుట్‌గర్స్ తటపటాయించాడు. మా దేశంలో రాతపూర్వకం అనే మాటకి పోలీసు కూడా ఒక అడుగు వెనక్కి వేస్తాడు. నావైపు చూశాడు. "మీ కంపెనీ ఒప్పుకుంటుందా టెషె గారూ?"

కీర్డోర్ఫ్‌కి ఇష్టం లేదు. ఇన్‌స్పెక్టర్‌కి భయం. ఎవాల్ట్ బాబాయ్ ఒట్టు పెట్టించాడు. ఆ గీతలు చూసినప్పట్నుంచీ నాకూ విప్పాలని లేదు. పిడి విప్పాలని మనస్ఫూర్తిగా అనుకున్నవాడు ఒక్కడే, వాడు ఆస్పత్రి శవాల గదిలో ఉన్నాడు.

"ఒప్పుకుంటుంది," అన్నాను. "కాగితం మీరు కొయ్యండి. సాక్ష్యం మీది."

రుట్‌గర్స్ జేబుకత్తితో మూడు చుట్లూ కోశాడు. గద్ద బయటపడింది. నేను పిడి నెత్తినున్న బొడిపె తిప్పాను. ముప్పై మూడేళ్ల జిడ్డు, మొదట కదల్లేదు, తర్వాత ఒక్కసారిగా వదిలింది. పిడి పైకి లాగాను. వదులు పిడి కదలకుండా లోపల ఏదో కూరి ఉంది. మడతలు పెట్టిన అట్టముక్క. పిడిలోకి దూరే బ్లేడు తోకకి అంటుకుని బయటికి వచ్చింది.

మడత విప్పాను. రేషన్ కార్డు. రొట్టె చీటీలన్నీ కత్తిరించుకున్నాక మిగిలే పనికిరాని మొదలు. పైన అచ్చు అక్షరాలు: పిల్లల కార్డు, ఆరేళ్ల లోపు, డిసెంబరు 1946. దాని కింద పేరు, పెన్సిలుతో.

"ఏముంది?" రుట్‌గర్స్ మెడ చాచాడు.

"నలభై ఆరు నాటి రేషన్ కార్డు ముక్క."

"అయితే ముప్పై ఆరునాటి బాకు అన్నది అబద్ధమే." కీర్డోర్ఫ్ వైపు చూశాడు. "ఇలాంటివి ఇదివరకు ఎన్ని అమ్మారు?"

కీర్డోర్ఫ్ కిటికీ వైపు తిరిగాడు.

"ఆయన కేటలాగులే చెప్తాయి. ఒకే పెట్టెలోంచి పదకొండు అమ్మాడు," అన్నాను. "ఇది పన్నెండోది. ఇది నకిలీ అయితే అన్నీ వెనక్కి వస్తాయి. హాల్బాక్ నోరు మూయించడానికి అది చాలు."

"పేరుందా దాని మీద?"

"ఉంది."

"కళ్లద్దాలు కార్లో ఉన్నాయి. మీరు చదవండి. మెల్షర్ పేరైతే వీళ్లిద్దరూ కలిసి చేసిన పనే. నాలుగింటికి ఇద్దర్నీ తీసుకెళ్తాను. ఇంకెవరి పేరైనా అయితే ముసలాయన ఎవర్నో కాపాడ్డానికి అబద్ధం ఆడినట్టు. వదిలేస్తాను. చదవండి."

ఆయన చదవలేడు. కీర్డోర్ఫ్ దూరంగా ఉన్నాడు. ముక్క నా చేతిలో ఉంది. అంత పాత పెన్సిలు గీత, బొటనవేలితో గట్టిగా రుద్దితే చెరిగిపోయేలా ఉంది. అప్పుడు సమాధి రాయి మీద మాట అలాగే ఉంటుంది. తోలు సంచి సర్దుకున్న మనిషి మాత్రం నాలుగింటికి పోతాడు. ఆయన అది తెలిసే సర్దుకున్నాడు. పిడి విప్పకు అని అరిచింది హాల్బాక్ కోసం కాదు, తన కోసమూ కాదు.

గడియారంలో మూడుకి అయిదు నిమిషాలు తక్కువ.

"రోస్విత టెషె," చదివాను. "వయసు అయిదేళ్లు."

కిటికీ దగ్గర్నుంచి కీర్డోర్ఫ్ నవ్వాడు.

"విల్హెల్మ్ టెషె! ముట్టనన్నాడు, ముట్టలేదు. రాయి నేనూ చూశానులెండి. మిగతా పదకొండూ ఆయనవేనన్నమాట. ఊళ్లో చెప్పుకోవడానికి బాగుంటుంది టెషె గారూ. రేపు పేపర్లో ముందు ఎవరి పేరు వస్తుందో, నాదో, మీ నాన్నదో."

ముక్కని మళ్లీ ఉన్న మడతల్లోనే మడిచి, గుడ్డ మీద, బాకు పక్కన, రుట్‌గర్స్ ముందు పెట్టాను. కుర్చీ లాగి కీర్డోర్ఫ్ మోకాళ్లకి మోకాళ్లు తగిలేంత దగ్గర కూర్చున్నాను.

"మా నాన్న చేశాడు. నేను తిన్నాను. రాసుకో, ఎవరికి కావాలంటే వాళ్లకి చెప్పుకో. ఇప్పుడు చెప్పు, హాల్బాక్‌ని ముందునుంచి తోశావా, వెనకనుంచా?"